నెమరువేత గేదెలదా, మనదా?

ప్రశ్న: సార్, ఆత్మకథల్లో "పాత రోజులు నెమరువేసుకుంటూ" అని రాస్తుంటారు కదా, నెమరు అంటే గేదెలు వేసేదే కదా, దానికీ జ్ఞాపకాలకీ లింకేంటి?

జవాబు: అవునమ్మా, గేదెలదే. పొద్దున గబగబా మేసిన గడ్డిని మధ్యాహ్నం చెట్టు కింద పడుకుని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని, కళ్లు అరమూసి తీరిగ్గా నముల్తుంది చూడండి, అదే నెమరు. అప్పుడు హడావిడిలో మింగేసిన రోజుల్ని ఇప్పుడు కూర్చుని మళ్లీ రుచి చూడ్డమన్నమాట, ఇంతకన్నా మంచి పోలిక నాకైతే దొరకలేదు. "జ్ఞాపకం" సంస్కృతం, అసలర్థం తెలియజేసేది అని, మనం గుర్తు అనే అర్థంలో వాడేసుకుంటున్నాం. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ఆత్మకథ పేరులో ఉన్నది ఆ మాటే, "అనుభవాలూ జ్ఞాపకాలూనూ" అని. తెలంగాణలో "యాది" అంటారు, పారసీ "యాద్" ఉర్దూ మీదుగా వచ్చింది, సామల సదాశివ గారు తన జ్ఞాపకాల పుస్తకానికి ఆ పేరే పెట్టుకున్నారు. అయితే చిన్న తేడా ఉంది, "యాదికొచ్చింది" అంటే దానంతటదే వచ్చింది, నెమరు మాత్రం మనం పనిగట్టుకుని వేసుకునేది. అందుకే కథల్లో "టక్కున నెమరువేసుకున్నాడు" అని కనిపిస్తే నాకు నవ్వొస్తుంది, ఏ గేదె అయినా టక్కున నెమరేస్తుందా చెప్పండి!