ఆ క్రియాపదం దగ్గర ఆగు

అమ్మాయీ,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. నలుగురు స్నేహితులు ఒక గదిలో చేరి, ఎక్కువగా మగవాళ్లే ఆడవేషం కట్టి పోటీపడే టీవీ షో ‘రూపాల్స్ డ్రాగ్ రేస్’ చూస్తూ వాదించుకోవడం... మంచి వస్తువు పట్టావు.

మొదటి పేజీ మాత్రం తీసెయ్. ఈ షో 2009లో అమెరికాలో మొదలైందని, వెనకబడ్డ ఇద్దరూ పాటకు పెదవులు కలిపి పోటీపడతారని నీ పాత్రలు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఏళ్ల తరబడి కలిసి చూసినవాళ్లు ఇవన్నీ చెప్పుకోరమ్మా. “అసలు ఆ విగ్గు ఎందుకు పెట్టుకుందే?” అని మధ్యలోంచి అందుకుంటారు.

తొమ్మిదో సీజన్ ఫైనల్ గొడవని రెండు వాక్యాల్లో దాటేశావు. నాకు బాధేసింది, ఎందుకంటే నీ కథ ఉన్నదే అక్కడ. సీజన్ పొడుగునా ఎక్కువ పోటీలు గెలిచింది షే కూలే. 2017 ఫైనల్లో పాట మధ్యలో సాషా వెలూర్ విగ్గు పైకెత్తగానే గులాబీ రేకులు జలజలా రాలాయి. కిరీటం సాషాకి వెళ్లింది. ఇన్నాళ్ల కష్టం గొప్పదా, ఆ ఒక్క క్షణమా? మూడో పేజీలో ప్రమోషన్ చేజారిందని చెప్పిన నీ పెద్దమ్మాయి ఈ మాట మీద ఊరుకుంటుందా? షే తరఫున గొంతు చించుకోదూ? అరవనీ. ఆఫీసు ఊసు మాత్రం ఎత్తనివ్వకు.

ఇంకో సంగతి, నన్ను రాత్రి నిద్రపోనివ్వనిది. పోటీదారులందరికీ ‘వచ్చారు, ఆడారు’ అని రాశావు. మర్యాదగానే ఉంది కానీ అది తప్పించుకోవడం. స్నేహితులు అలా మాట్లాడరు. తెలుగులో క్రియ చివరికొచ్చేసరికి ‘వచ్చాడా’, ‘వచ్చిందా’ ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. మేకప్ గదిలో కనుబొమ్మల్ని జిగురుతో అణిచేస్తున్నప్పుడు ‘కూర్చున్నాడు’ అన్నవాడే, స్టేజి మీద చూసి ‘వచ్చింది’ అంటాడు. ఆ మార్పు ఎక్కడ జరిగిందో వాడికే తెలియదు. నువ్వు గమనించి రాయాలి.

అందరికీ అలా మారదని కూడా గుర్తుంచుకో. కైలీ సోనిక్ లవ్ తాను ట్రాన్స్ మహిళనని 2010లో ఆ షోలోనే చెప్పింది, 2021లో పాత పోటీదారులు మళ్లీ తలపడే ‘ఆల్ స్టార్స్’ గెలిచింది. విగ్గు ఉన్నా తీసినా ఆమె ఆమే. నీ పాత్రల్లో ఒకడు ఆమెను ‘వాడు’ అంటే అననీ, ఆ మాట గదిలో ఎవరికి తగిలిందో చూపించు. కథ చెప్పే గొంతు మాత్రం ఆ తప్పు చేయకూడదు.

మూలన కూర్చుని ఒక్క మాటా మాట్లాడని నాలుగో కుర్రాడంటే నాకు చాలా ఇష్టం. వాడి గురించి నువ్వు ఇంకా ఏదో దాచావు. వాడి చేత ఒక్కసారి, మెల్లగా, ‘గెలిచింది’ అనిపించు. ఆ తర్వాత ఎవరేమన్నారో నాకు చదవాలని ఉంది. తిరగరాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో.