మెడల్ సరే, సర్టిఫికెట్ ఎవరిచ్చారు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం. జిమ్‌లో పవర్‌లిఫ్టింగ్ నేర్చుకుని జిల్లా పోటీల్లో మెడల్ తెచ్చింది. వేరే రాష్ట్రంలో ‘నేషనల్స్’ ఉన్నాయి, ఫీజు కట్టండి అంటున్నాడు కోచ్. తనేమో మల్లీశ్వరిలా ఒలింపిక్స్‌కు పోతానంటోంది. దీంతో ఉద్యోగం వస్తుందా? చదువు చెడుతుందా?

జవాబు: ముందు ఒలింపిక్స్ సంగతి. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది వెయిట్‌లిఫ్టింగ్‌లో. అందులో ఉండేవి స్నాచ్ (బరువును ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తడం). మీ అమ్మాయి చేసేది స్క్వాట్ (బరువు భుజాల మీద పెట్టుకుని కిందికి దిగి లేవడం), బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బరువును ఛాతీ మీంచి పైకి నెట్టడం), నేల మీది బరువును పట్టుకుని నిటారుగా లేచే డెడ్‌లిఫ్ట్. ఈ ఆట ఒలింపిక్స్‌లో లేదు. పారాలింపిక్స్‌లో ఉన్నా, అది వైకల్యం ఉన్నవారికి, అదీ బెంచ్ ప్రెస్ ఒక్కటే. ఈ మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. ఒలింపిక్సే కావాలంటే ఆట మార్చుకోవాలి.

ఇక ఫీజు. కట్టే ముందు ఆ పోటీ ఏ ఫెడరేషన్‌దో అడగండి. ఐపీఎఫ్ అనే అంతర్జాతీయ సమాఖ్య 1972 నుంచి ఉంది. అదొక్కటే కాదు, ఈ ఆటకు సంఘాలు చాలా ఉన్నాయి. ఎవరికి వారు ‘నేషనల్స్’ అంటారు, ‘వరల్డ్’ అంటారు. మెడల్ అన్నిచోట్లా మెరుస్తుంది, ఉద్యోగం దగ్గర మాత్రం అన్నీ చెల్లవు. కోచ్ నీళ్లు నములుతుంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

వచ్చే పోటీకి మీరూ వెళ్లి కూర్చోండి. స్క్వాట్‌లో తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి. ముగ్గురు రిఫరీల్లో కనీసం ఇద్దరు తెల్ల లైటు వేస్తేనే ఆ లిఫ్ట్ చెల్లుతుంది. సగం దిగినవాళ్లకు కూడా తెల్ల లైట్లు వెలుగుతుంటే ఆ మెడల్ విలువెంతో మీకే అర్థమవుతుంది.

మీ అమ్మాయికి నాకు కనిపిస్తున్న దగ్గరి దారి కాలేజీయే. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా జాబితాలో పవర్‌లిఫ్టింగ్ ఉంది. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడినవారితో పాటు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీ తరఫున ఆడినవారికీ అర్హత ఉంటుంది. కాలేజీ యోగి వేమన యూనివర్సిటీ కిందిదైతే, జట్టు ఎంపికలు ఎప్పుడో కాలేజీ పీడీని (ఫిజికల్ డైరెక్టర్‌ను) అడగండి. ఇక్కడ సర్టిఫికెట్ ఎవరిదన్న అనుమానమే ఉండదు. అయితే కోటాలో కూడా ఆ పోస్టుకు కావలసిన చదువు ఉండాల్సిందే. డిగ్రీ ఆపేస్తే ఈ తలుపు సగం మూసుకున్నట్టే. కోటా పోస్టులు కొన్నే, పోటీ గట్టిది. కాబట్టి డిగ్రీ అయ్యాక పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయడం కూడా లెక్కలో పెట్టుకోండి. పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుల) పోస్టులకు అది పనికొస్తుంది. జిమ్ ట్రైనర్ పని దొరుకుతుంది కానీ, దాన్నే నమ్ముకుని చదువు మానేయమని నేను చెప్పను.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి. జిమ్‌లో ఎవరో ఇచ్చే పొడులు, మాత్రలు, ఇంజెక్షన్లు వద్దు. డోపింగ్ పరీక్షలో స్టెరాయిడ్ దొరికితే నాలుగేళ్ల దాకా నిషేధం పడుతుంది. తెలియక తీసుకున్నానన్నా వదిలేయరు. పాలు, గుడ్లు, పప్పు, చికెన్‌తోనే ఈ వయసులో చాలా బరువు ఎత్తొచ్చు.

కోచ్ ఫెడరేషన్ పేరు చెప్పాక, దానికి గుర్తింపు ఉందో లేదో కడపలో డీఎస్‌ఏ (జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ) ఆఫీసులో కనుక్కోండి. ఫీజు మాట ఆ తర్వాతే.