అవాయిడెన్స్ అంటే ఎగ్గొట్టడం కాదు

"అవాయిడెన్స్‌ని తెలుగులో ఏమంటారు, ఎక్కడెక్కడ వాడతారు?" అని అడిగారు. అన్నిచోట్లా సరిపోయే ఒక్క మాట లేదు. ఏ మాట వాడకూడదో మాత్రం గట్టిగా చెబుతాను: ఎగ్గొట్టడం. పోయినేడు ఆ మాట మా ఇంట్లో పెట్టిన బాధ ఇంతా అంతా కాదు.

మాది బెంగళూరు, మారతహళ్ళి. ఒంగోలు నుంచి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బాబు ఐదో తరగతి. సోమవారం పొద్దున స్కూల్ వ్యాన్ వచ్చే వేళకి వాడికి కడుపునొప్పి మొదలయ్యేది. ఒక బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చునేవాడు. కింద వ్యాన్ హారన్ కొట్టీ కొట్టీ వెళ్ళిపోయేది. అది సందు మలుపు తిరిగిన కాసేపటికే ఇడ్లీ పెట్టమని అడిగేవాడు. స్కానింగ్ చేయిస్తే ఏమీ లేదన్నారు. చివరికి స్కూల్ కౌన్సెలర్ మేడమ్ వాడితో మాట్లాడి కాగితం మీద 'అవాయిడెన్స్' అని రాసిచ్చారు.

ఆ సాయంత్రం మామయ్యగారు ఫోన్ చేసి "ఏమన్నారమ్మా?" అంటే, తొందరలో "బడి తప్పించుకుంటున్నాడట" అనేశాను. ఆయన వాణ్ణి పిలిపించి "ఏరా, బడి ఎగ్గొడుతున్నావా?" అని కేకలేశారు. వాడు ఏడవలేదు. గోడవైపు తిరిగి, కాలికి లేని బూటు లేసు విప్పుతూ కడుతూ కూర్చున్నాడు. తప్పు మామయ్యగారిది కాదు, ఆ మాట అందించిన నాది.

బడి ఎగ్గొట్టేవాడు ఆటకి పోతాడు, సినిమాకి పోతాడు. వీడికి సోమవారం మొదటి పీరియడ్ కన్నడ. లేచి నిలబడి అందరి ముందూ చదవాలి. ఆ భయానికి దూరం జరుగుతున్నాడు. వ్యాన్ వెళ్ళిపోగానే ప్రాణం తేలికపడుతుంది, ఆ తేలికే వచ్చే సోమవారం మళ్ళీ మెట్ల మీద కూర్చోబెడుతుంది. మౌరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1947లోనే దీన్ని వివరించాడు. అందుకే ఇక్కడ నేను 'భయంతో దూరం జరగడం' అంటాను. మాట పొడవే, కానీ పిల్లాడి మీద నింద వేయదు.

నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను కాబట్టి ఇంకో బాధ కూడా చెప్పాలి. మన పేపర్లలో టాక్స్ అవాయిడెన్స్‌కీ, టాక్స్ ఇవేజన్‌కీ తరచుగా ఒకే మాట రాసేస్తున్నారు: పన్ను ఎగవేత. ఆదాయం దాచిపెట్టడం ఎగవేత, అది నేరం. చట్టంలో ఉన్న దారుల్లోనే పన్ను తగ్గించుకోవడం అవాయిడెన్స్. మారిషస్‌తో మన దేశం 1982లో చేసుకున్న ఒప్పందం పేరులోనే ఈ మాట ఉంది. ఒకే ఆదాయం మీద రెండు దేశాల్లో పన్ను పడకుండా చూడటం అక్కడ దాని అర్థం, అంటే నివారణ. అదే మాట, 2017 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 'గార్' (జనరల్ యాంటీ-అవాయిడెన్స్ రూల్స్) అనే ఆదాయపు పన్ను నిబంధనల్లో, ముఖ్యంగా పన్ను లాభం కోసం అల్లిన ఏర్పాట్లకి వాడారు. అక్కడ దాన్ని అడ్డుకోవడమే చట్టం పని. ఒక చోట ప్రభుత్వాలే చేసే మంచిపని, ఇంకో చోట ప్రభుత్వం వద్దనే పని. రెండింటికీ ఎగవేత అని రాస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

బాబు సంగతికొస్తే, కన్నడ టీచర్ మొదట స్టాఫ్‌రూమ్‌లో ఒక్క లైన్ చదివించారు. తర్వాత ఇద్దరు స్నేహితుల ముందు రెండు లైన్లు. క్లాసులో నిలబడటానికి రెండు నెలలు పట్టింది. మామయ్యగారికి అంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు వీడియో కాల్ చేసి, కన్నడ పుస్తకం కెమెరాకి దగ్గరగా పెట్టమన్నారు. "సగం అక్షరాలు మనవేరా" అంటూ కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కుని చదివారు. తాతయ్య తప్పు చదివినచోటల్లా వీడు సరిదిద్దాడు.