టైరు పేలింది మీ బండిది, క్లెయిము మీ ఆవిడది

ప్రశ్న: మాది కోదాడ. సిమెంటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నాను. నాలుగున్నర నెలల క్రితం నేను, నా భార్య సూర్యాపేటలో పెళ్లి చూసుకుని బైకు మీద తిరిగి వస్తుంటే, మునగాల దాటాక హైవే మీద వెనక టైరు ఒక్కసారిగా పేలిపోయింది. బండి పాములా ఊగింది. వెనకే లారీ. బ్రేకు జోలికి పోకుండా యాక్సిలరేటర్ వదిలేసి, హ్యాండిల్ బిగించి పట్టుకుని ఎడమ పక్కకు తెచ్చాను. వేగం తగ్గాక మట్టి అంచులో పడిపోయాం. నా కాలు విరిగితే రాడ్ వేశారు. నా భార్యకు కుడి మోచేయి, మణికట్టు విరిగాయి. ఆమె ఇంట్లో మిషన్ కుడుతుంది, ఇప్పుడు కత్తెర కూడా పట్టుకోలేకపోతోంది. ఆసుపత్రికి 3.7 లక్షలు అయింది. టైరు అరిగిందని తెలుసు, బోనస్ రాగానే మార్చుదామనుకున్నాను, అంతలోనే ఇలా అయింది. టైరు కంపెనీ మీద కేసు వేయవచ్చా? ఇన్సూరెన్సు నుంచి నాకు ఎంత వస్తుంది? పోలీసు కేసు పెట్టలేదు. మా బావమరిది స్నేహితుడు తన ఆటో గుద్దినట్టు రాయిద్దాం, ఆటోకు ఇన్సూరెన్సు ఉంది అంటున్నాడు. అలా చేయవచ్చా? మెకానిక్ కొత్త టైరు వేశాడు, పాతది షెడ్డులోనే ఎక్కడో ఉంటుంది. – ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి ఇచ్చాం. అందులో మూడు పేజీలు మీరు బండిని ఎలా అదుపు చేశారన్నదే. ఆ నేర్పే మీ ఇద్దరి ప్రాణాలు కాపాడింది, కాదనను. కేసుకు మాత్రం దానితో పనిలేదు. కేసును తేల్చేది మీరు మధ్యలో యథాలాపంగా రాసిన ఒక్క వాక్యం: ‘టైరు అరిగిందని తెలుసు, బోనస్ రాగానే మార్చుదామనుకున్నాను’. ఆ వాక్యం మీకున్న దారులు మూసేస్తుంది. మీ ఆవిడకు ఒక దారి తెరుస్తుంది. ఆవిడ గురించి మీరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ముందు మీ సంగతి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద పరిహారం కావాలంటే ఇంకొకరి నిర్లక్ష్యం చూపించాలి. బండి మీది, నడిపింది మీరు, గుద్దినవాళ్లు ఎవరూ లేరు. మీ నిర్లక్ష్యానికి మీ ఇన్సూరెన్సు కంపెనీ మీకే పరిహారం ఇవ్వదు. నిర్లక్ష్యం రుజువు చేయనక్కర్లేని 164వ సెక్షను ఉంది కదా అని ఎవరైనా చెప్పవచ్చు. అక్కడ కూడా చెల్లించాల్సింది యజమాని లేదా అతని ఇన్సూరెన్సు కంపెనీ. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒక్కరే కాలేరు. టైరు పేలి కారు ప్రమాదానికి గురై తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఒక పసిపిల్ల కేసులో, యజమాని మరణానికి అతని సొంత పాలసీ నుంచే పరిహారం ఇవ్వవచ్చా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు 2025లో విస్తృత ధర్మాసనానికి పంపింది. అయితే అది పాత 163-ఎ సెక్షను కింద వేసిన మరణం కేసు. దాని మీద ఆశ పెట్టుకుని మీరు మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ మెట్లు ఎక్కవద్దు.

మీ పాలసీలో యజమాని-డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండవచ్చు. 15 లక్షలు అనగానే కళ్లు మెరుస్తాయి కానీ అది మరణానికి, శాశ్వత సంపూర్ణ వైకల్యానికి, రెండు అవయవాలు లేదా రెండు కళ్లు పోతే. ఒక అవయవమో ఒక కన్నో పోతే సగం. కాలు విరిగి రాడ్ వేసి మళ్లీ నడిచే మనిషికి అందులో ఏమీ రాదు. బండి రిపేరుకు ఓన్ డ్యామేజీ కవర్, అంటే సొంత బండికి జరిగిన నష్టానికి బీమా ఉంటే అడగవచ్చు. టైరు, ట్యూబు ఒక్కటే పాడైతే ఇవ్వరు. బండి కూడా అదే ప్రమాదంలో దెబ్బతింటే టైరు ఖరీదులో సగం ఇస్తారు. కంపెనీకి చెప్పకుండా, సర్వేయరు చూడకుండా రిపేరు చేయించేశారు కాబట్టి దాని కోసం ఎక్కువ టైమ్ పెట్టకండి.

టైరు కంపెనీ మీద కేసు అంటారా? వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో తయారీదారు బాధ్యత గురించి ఒక అధ్యాయమే ఉంది. గడువు రెండేళ్లు, మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. చట్టం అడ్డు కాదు, మీ టైరే అడ్డు. టైరు గాడి మధ్యలో చిన్న గడ్డల్లాంటి అరుగుదల గుర్తులు ఉంటాయి. రబ్బరు ఆ గుర్తుల దాకా అరిగితే టైరు ఆయుష్షు అయిపోయినట్టు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ నిబంధన ప్రకారం టూవీలర్ టైరుకు గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. నున్నగా అరిగిన టైరు తీసుకెళ్లి ‘తయారీలో లోపం’ అంటే మొదటి వాయిదాకే కంపెనీ లాయరు ఫొటో చూపించి నవ్వుతాడు. ఆ టైరుకు అంతకుముందు పంక్చర్ వేసిన కుర్రాడి మీద కూడా కోపం ఉందని రాశారు. బిల్లు లేదు, ట్యూబు లేదు. అతన్ని వదిలేయండి.

ఇక మీ ఆవిడ కేసు. బండి ఆమెది కాదు, నడిపింది ఆమె కాదు, టైరు మార్చాల్సిన బాధ్యత ఆమెది కాదు. అరిగిన టైరుతో హైవే ఎక్కిన యజమాని నిర్లక్ష్యం వల్ల ఆమె చేయి విరిగింది. అంటే ఆమె పిటిషనర్, మీరు మొదటి ప్రతివాది, మీ ఇన్సూరెన్సు కంపెనీ రెండో ప్రతివాది. భార్య భర్త మీద కేసు వేయడమేమిటని నొచ్చుకోకండి. బంధుత్వం ఇక్కడ అడ్డు కాదు.

టైరు పేలడం దైవఘటన కదా, దానికి ఎవరేం చేస్తారు అని కంపెనీ వాదిస్తుంది. 2010లో జరిగిన ఒక కారు ప్రమాదంలో ఇదే వాదన వచ్చింది. దైవఘటన అంటే మనిషి అదుపులో లేని ప్రకృతి శక్తులు, టైరు పేలడం మానవ నిర్లక్ష్యమే అని బాంబే హైకోర్టు 2023లో తేల్చి, కారులో కూర్చున్న మనిషి కుటుంబానికి ఇచ్చిన పరిహారాన్ని నిలబెట్టింది. బాంబే హైకోర్టు తీర్పుకు మన ట్రిబ్యునల్ కట్టుబడి ఉండాలని లేదు కానీ చదివి వినిపించడానికి మంచి తీర్పు. మీ హ్యాండిల్ కథ పనికిరాదని నేను అన్నది ఇందుకే. ‘నేను ఎంతో జాగ్రత్తగా నడిపాను, అనుకోకుండా పేలింది’ అని మీరు కౌంటరులో, అంటే ట్రిబ్యునల్‌కు ఇచ్చే జవాబులో వీరగాథ రాస్తే కంపెనీ దాన్నే పట్టుకుంటుంది. నిర్లక్ష్యం జరిగింది మునగాల దగ్గర కాదు, బోనస్ కోసం ఆగిన రోజుల్లో. అది నిజం కాబట్టి నిజంగానే ఒప్పుకోండి. లేనిది కల్పించమని చెప్పడం లేదు.

దీనంతటికీ ఒక మెలిక ఉంది. అది మీ పాలసీ కాగితంలో ఉంది. బండి వెనక కూర్చున్న మనిషికి కేవలం థర్డ్ పార్టీ పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ప్యాకేజీ పాలసీ, అంటే థర్డ్ పార్టీతో పాటు ఓన్ డ్యామేజీ కూడా కలిపి మనవాళ్లు ఫుల్ ఇన్సూరెన్సు అనేది ఉంటే వెనక కూర్చున్నవారికీ కంపెనీ బాధ్యత ఉంటుందని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2009లో సర్క్యులర్ ఇచ్చింది. సుప్రీంకోర్టు 2012లో అదే మాట చెప్పింది. మీ బండి 2021లో కొన్నదన్నారు. 2018 సెప్టెంబరు తర్వాత కొన్న కొత్త బైకులకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటారు. ఓన్ డ్యామేజీ మాత్రం చాలామందికి మొదటి ఏడాదే ఉంటుంది. ఆ తర్వాత ‘ఐదేళ్ల ఇన్సూరెన్సు ఉంది’ అన్న ధీమాతో తిరుగుతుంటారు. ప్రమాదం జరిగిన రోజుకు ఓన్ డ్యామేజీ ప్రీమియం కట్టి ఉందా అన్నది ఇవాళే చూడండి. అది వేరే కంపెనీలో విడిగా తీసుకుని ఉంటే ఆ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చాలి. లేకపోతే ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. ఓన్ డ్యామేజీ అసలు లేకపోతే, వెనక కూర్చున్నవారి కోసం విడిగా ప్రీమియం కట్టారేమో వెతకండి. అదీ లేకపోతే ట్రిబ్యునల్ పరిహారం ఇచ్చినా అది మీ మీదే పడుతుంది. ఈ జేబులోంచి తీసి ఆ జేబులో వేసుకోవడానికి కేసు ఎందుకు? అప్పుడు నేనైతే వేయమని చెప్పను.

పాలసీ సరిగ్గా ఉంటే ఆమెకు రెండు దారులు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే, 164 కింద నిర్లక్ష్యం రుజువు చేయకుండానే 2.5 లక్షలు అడగవచ్చు. 166 కింద వైద్య ఖర్చు, పోయిన సంపాదన, వైకల్యం, నొప్పి అన్నీ లెక్క కట్టించుకోవచ్చు. కుట్టుపని చేసే మనిషికి కుడి చేయి పోతే నష్టం సర్టిఫికెట్‌లో రాసిన శాతం కన్నా ఎక్కువ. సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్నదే చూడాలని సుప్రీంకోర్టు 2010 నుంచి చెబుతోంది. ఆమె కుట్టిన జాకెట్ల లెక్కల పుస్తకం, ఫోన్‌పేలో వచ్చిన డబ్బులు, ఇద్దరు ముగ్గురు ఖాతాదారుల సాక్ష్యం కూడగట్టండి. సదరం క్యాంపులో చేయి చూపించి వైకల్య సర్టిఫికెట్ తీసుకోండి. ఒక జాగ్రత్త: కంపెనీ 164 కింద డబ్బు ఇస్తామని వస్తే తొందరపడి పుచ్చుకోకండి. అది తీసుకుంటే 166 పిటిషన్ రద్దయిపోతుంది.

ఇప్పుడు ఆటో. ఆ సలహా ఇచ్చిన స్నేహితుడిని ఇంటి గడప తొక్కనివ్వకండి. మీరు ఆసుపత్రికి వెళ్లిన రాత్రి డ్యూటీ డాక్టరు అడిగితే ‘టైరు పేలి పడ్డాం’ అని మీ నోటితోనే చెప్పి ఉంటారు, కేసు షీటులో మొదటి పేజీలో అదే ఉంటుంది. కంపెనీ ఇన్వెస్టిగేటరు మొదట అడిగే కాగితం అదే. నాలుగున్నర నెలల తర్వాత ఆటో ఎక్కడి నుంచి వచ్చింది? ఆటో మీద గీత లేదు, ఆ డ్రైవరు ఫోను ఆ టైముకు మునగాల టవరు పరిధిలో లేదు. పోలీసులకు తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217 కింద నేరం, కోర్టులో అబద్ధపు క్లెయిము 246 కింద నేరం. కోర్టులో తప్పుడు సాక్ష్యానికి 229, మోసానికి 318(4), ఈ రెండింటికీ ఏడేళ్ల వరకు శిక్ష. ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటి నకిలీ క్లెయిముల మీద ప్రత్యేక దర్యాప్తు బృందమే వేశారు. 2021లో ఆ వ్యవహారాన్ని సుప్రీంకోర్టు స్వయంగా పట్టించుకుని లాయర్ల పాత్ర మీద కూడా మండిపడింది. ఆటో కథ అల్లిన మరుక్షణం మీ ఆవిడకున్న నిజమైన కేసు కూడా చచ్చిపోతుంది. ఆమె కూడా ముద్దాయి అవుతుంది. లోపల ఉన్నప్పుడు ఆ స్నేహితుడు క్యారేజీ తెస్తాడేమో అడగండి.

పోలీసుల దగ్గరికి వెళ్లకపోవడం మీ పెద్ద తప్పు. ‘ఎవరూ గుద్దలేదు కదా, స్టేషన్‌కు ఎందుకు’ అని మీరే కాదు, అందరూ అనుకుంటారు. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో మనిషికి 1.5 లక్షల దాకా నగదు కట్టకుండా చికిత్స చేయించుకునే పథకం 2025 మే నుంచి ఉంది. ఆ 3.7 లక్షల్లో ఎంత మిగిలేదో! అది పోయింది. ఆలస్యం ఒక్కటే ట్రిబ్యునల్ కేసును చంపదు, కారణం చెప్పగలగాలి. ఆలస్యానికి మీ ఆపరేషన్లు, డిశ్చార్జి తేదీలే సమాధానం. మీ ఆవిడ చేత మునగాల స్టేషన్‌లో జరిగింది జరిగినట్టు ఫిర్యాదు ఇప్పించండి. నిర్లక్ష్యం వల్ల తీవ్ర గాయం అని మీ మీదే న్యాయ సంహిత 125(బి) కింద కేసు కట్టవచ్చు, టెన్షన్ పడకండి. అది రాజీ పడదగిన నేరం. ఆ రోజు 108 వచ్చిందా, హైవే 1033 అంబులెన్సు వచ్చిందా? వచ్చి ఉంటే వాళ్ల రికార్డులో టైము, చోటు ఉంటాయి. ఆ కాపీకి దరఖాస్తు పెట్టండి. ఆమె హెల్మెట్ పెట్టుకోలేదని కంపెనీ అంటుంది. విరిగింది చేయి, తల కాదు. ఉల్లంఘనకూ గాయానికీ సంబంధం చూపించాలి.

గడువు మాట. 2022 ఏప్రిల్ 1 నుంచి పరిహారం పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలి. ఈ నిబంధనను సవాలు చేసిన కేసులో, గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టివేయవద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం ఇచ్చింది. మధ్యంతర ఆదేశం గొడుగు లాంటిది, ఎప్పుడు మూస్తారో మన చేతిలో లేదు. మీకు ఇంకా ఆరు వారాలు ఉన్నాయి. ఆ లోపే వేయించండి. కోదాడలో ఉంటున్నారు కాబట్టి మీ జిల్లా ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. మీ ఇద్దరికీ ఒకే లాయరు కుదరదు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమనండి, లేదా 15100కు ఫోన్ చేయమనండి.

చివరిగా ఆ టైరు. ‘షెడ్డులోనే ఎక్కడో ఉంటుంది’ అని రాశారు. టైరు కంపెనీ మీదకు వెళ్లడానికి దాన్ని దాచుకోవాలనుకున్నారు, ఇప్పుడు అది మీ మీద సాక్ష్యం, మీ ఆవిడకు ఆధారం. కాబట్టి ఇంకా జాగ్రత్తగా తెచ్చుకోవాలి. ఇవాళ సాయంత్రమే వెళ్లండి, పాత సామాను వాడు వచ్చేలోపు. ఉన్నచోటే ఫొటోలు తీయండి: పేలిన చోటు, అరిగిన గాడి, గుర్తుల గడ్డలు, పక్క గోడ మీద ఏ వారం ఏ ఏడాది తయారైందో చెప్పే నాలుగు అంకెలు. మెకానిక్ చేత ఏ తేదీన ఏ బండికి ఈ టైరు విప్పానో కాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. తర్వాత గోనెసంచిలో వేసి, మూతి కుట్టి, బండి నంబరు రాసి అటక మీద పెట్టండి. కడగవద్దు.