వేసవిలో దాని జోలికి పోకు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ దీవించి రాసేది.

శాన్ డియేగోలో మీ ఇంటి వెనక పచ్చిక తీసేసి మంజ్ సేజ్ అనే పొద నాటబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఒకపక్క గర్వంగానూ మరొకపక్క గుబులుగానూ ఉంది. అమెరికాలో ఆ పొద సహజంగా పెరిగేది మీ కౌంటీ దక్షిణపు కొండల్లోనే. తక్కినదంతా సరిహద్దు అవతల, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో ఉంది. కాబట్టి కొండ మీది మొక్కను పెకలించి తేవద్దు, స్థానిక మొక్కలు పెంచే నర్సరీలోనే కొను. అక్టోబరు, నవంబరు నెలల్లో, నీరు నిలవని ఎండపట్టున నాటు. ఎరువు వేయకు.

ఇక నీళ్ల సంగతి. మేము అక్కడ ఉన్న రోజుల్లో, సేజ్ మన తులసి కుటుంబానిదేనని తెలిసి మురిసిపోయి, తులసికోటకు పోసినట్టే దానికీ రోజూ చెంబెడు నీళ్లు పోశాను. చలికాలమంతా బాగానే ఉంది. నీలిపూలు పూసింది, హమ్మింగ్‌బర్డ్‌లూ వచ్చాయి. ఆగస్టులో ఆకులు ముడుచుకుని రాలడం మొదలుపెట్టగానే నా ప్రాణం ఉండబట్టలేదు, చెంబు కాస్తా బిందె అయింది. నేను నీటి ఎద్దడిలో పెరిగినదాన్ని. వాడిన మొక్కను చూస్తూ ఊరుకోవడం మా ఇంట్లో పాపం. కొన్నాళ్లకే కొమ్మలు ఒక్కొక్కటిగా నల్లబడ్డాయి, తవ్వి చూస్తే వేళ్లు మెత్తగా కుళ్లి చేతికి ఊడివచ్చాయి. చలికాలపు వానలకు తాగి, వేసవిలో ఆకులు రాల్చుకుని నిద్రపోయే జాతి అది. వేరుకుళ్లు బలిసేది వెచ్చని తడిమట్టిలోనే. నిద్రపోతున్నదాన్ని చచ్చిపోతోందనుకుని నేనే చంపుకున్నాను.

మొదటి వేసవిలో మాత్రం వేళ్లు ఇంకా లోతుకు దిగవు కనుక, రెండు మూడు వారాలకొకసారి, చల్లని పొద్దుటిపూట, కాండానికి కాస్త ఎడంగా, బాగా ఇంకేలా నీళ్లు పొయ్యి. ఆ తరువాతి ఏటి నుంచి ముట్టుకోకు. పూత అయ్యాక కొనలు కత్తిరించు, ఆకులేని ముదురు కొమ్మలోకి కోయకు.

నీ సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు గోరింట కొమ్మ నాటి, వేరు పట్టిందో లేదోనని రోజూ పీకి చూసి, అది ఎండిపోతే నా ఒళ్లో కూర్చుని ఏడ్చినదానివి. ఆగస్టులో చెయ్యి ఆగకపోతే ఏ వేళైనా సరే నాకు ఫోన్ చెయ్యి. నువ్వు గొట్టం కట్టేసి లోపలికి వెళ్లేదాకా మాట్లాడుతూనే ఉంటాను.