కూరగాయల మడికి కోళ్ల సాయం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పంట అయిపోయిన మడిలో కోళ్లను వదిలితే అవే కలుపు తిని, మట్టి గుల్ల చేసి, ఎరువు కూడా వేస్తాయంటున్నారు. నిజమేనా? 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న మడికి ఎన్ని కోళ్లు కావాలి? ఎన్నాళ్లు ఉంచాలి?

జవాబు: నిజమే. అలాగని పారను పూర్తిగా పక్కన పెట్టలేం. కోడి కాలికి లొంగేది పైనున్న 2, 3 అంగుళాల మట్టే. ఆ లోతులో ఉన్న లేత కలుపును, రాలిన కలుపు గింజలను, లద్దెపురుగు ప్యూపాలను (గూడు కట్టుకున్న దశ), వేరుపురుగులను, నత్త గుడ్లను ఏరుకుని తింటుంది. కింద గట్టిపడ్డ పొర ఉంటే దాన్ని మీరే తవ్వుకోవాలి.

మీ మడి 32 చదరపు అడుగులు. 4 పెట్టలు, 7 నుంచి 10 రోజులు చాలు. దీనికో లెక్క ఉంది. ఎదిగిన పెట్ట రోజుకు సుమారు 100 గ్రాముల పచ్చి రెట్ట వేస్తుంది. 4 పెట్టలకు 10 రోజుల్లో 4 కిలోలు. అందులో నత్రజని 1 నుంచి 1.5 శాతం ఉంటుంది కాబట్టి మడిలో 40 నుంచి 60 గ్రాముల నత్రజని పడుతుంది. 3 చదరపు మీటర్ల నేలలో ఒక కూరగాయ పంటకు అది సరిపోతుంది. రాత్రిళ్లు కోళ్లను గూటికి తోలితే కొంత రెట్ట అక్కడే పడిపోతుంది కాబట్టి ఇంకో రెండు మూడు రోజులు ఉంచినా ఇబ్బంది లేదు. నెల రోజులు వదిలేస్తే మాత్రం ఎరువు మోతాదు మూడింతలవుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. కలుపు ఇంకాస్త ఉంది కదా అని మరో వారం ఉంచేస్తారు. మిగిలిన కలుపును చేత్తో పీకేయొచ్చు, ఎక్కువైన ఎరువును మట్టిలోంచి వెనక్కి తీయలేం.

కోళ్లను దించే ముందు ఊతకర్రలు, డ్రిప్పు పైపులు తీసేయండి. ఎత్తుగా పెరిగిన కలుపును చీలమండ ఎత్తుకు కోయండి, ముదురు కాడల జోలికి కోళ్లు పోవు. రెండు రోజుల ముందు తడిపెట్టి, మట్టి పదునుకు వచ్చాకే దించాలి. బురదగా ఉన్న బంకమట్టిలో దించితే గీకడం అటుంచి, తొక్కి తొక్కి అట్టకట్టిస్తాయి. మట్టిపైన 4 అంగుళాల మందాన ఎండుటాకులో ఎండుగడ్డో పరవండి. రెట్టలో నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. రెండూ కలిస్తే వాసన తగ్గుతుంది, నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోవడమూ తగ్గుతుంది. ఉదయం గుప్పెడు గింజలు ఆ ఆకుల కింద, ముఖ్యంగా మూలల్లో చల్లండి. లేకపోతే నడుమ భాగాన్నే పదేపదే గీకి మూలలు వదిలేస్తాయి.

పని అయిందో లేదో కోళ్లే చెబుతాయి. పచ్చదనం కనిపించదు, కోళ్లు గీకడం మాని దాణా వచ్చే వైపు వల దగ్గర నిలబడతాయి, మట్టిలో దొర్లి స్నానం చేసిన గిన్నెల్లాంటి గుంటలు రెండు మూడు కనబడతాయి. 7 రోజులు నిండకపోయినా ఆ రోజే తీసేయండి.

వీలుంటే మరో పని చేయొచ్చు. మొదటి విడత 5 రోజులకే ముగించి, మడికి నీళ్లు పెట్టి 10 రోజులు వదిలేయండి. పైకి వచ్చిన కలుపు గింజలు మొలకెత్తుతాయి. అవి రెండాకుల దశలో ఉండగా కోళ్లను మళ్లీ 2, 3 రోజులు దించండి. మా ఉద్దేశంలో ఒకే విడతగా 10 రోజులు ఉంచడం కంటే ఇదే మేలు. ఎరువు మోతాదు పెరగదు, తర్వాత కలుపు తీసే పని బాగా తగ్గుతుంది.

ప్రశ్న: మడి మీద పెట్టే బోనును ఎలా తయారు చేసుకోవాలి?

జవాబు: అడుగు లేని పెట్టె కావాలి. మడి కొలతకు సరిగ్గా 4×8 అడుగులు, ఎత్తు 2 అడుగులు. ఎత్తు మడి అయితే చుట్టూ ఉన్న పలకల మీద బోను అంచు ఆనాలి, లేదంటే కోళ్లు మట్టినంతా బయటికి చిమ్మేస్తాయి. ఇద్దరు మోయగలిగేంత తేలికగా ఉండాలి. బరువైతే ఎవరూ జరపరు, కోళ్లు ఒకే మడిలో ఉండిపోతాయి. పీవీసీ పైపులతో కట్టుకోవచ్చు గానీ గాలికి లేస్తుంది, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టాలి.

ఆరు పలకల కన్నుల కోళ్ల వల కోళ్లను లోపల ఆపుతుందే తప్ప బయటి జంతువును ఆపదు. కుక్క పంటితో లాగేస్తుంది, ముంగిస కాలు దూర్చి పట్టుకుంటుంది. పక్కలకు అర అంగుళం కన్నుల వెల్డింగు వల వేయండి. నేల మీదున్న మడి అయితే వలను అడుగు వెడల్పున బయటికి పరిచి రాళ్లు పెట్టండి. తవ్వే జంతువు బోను అంచు దగ్గరే మొదలుపెడుతుంది, వల అడ్డం వస్తే వదిలేస్తుంది. పైభాగంలో మూడో వంతు నీడ ఉండాలి, తలుపు పైనే ఉంటే కోళ్లను పట్టుకోవడం తేలిక. ఎంత గట్టి బోనైనా రాత్రికి కోళ్లు గూట్లో ఉండడమే మంచిది.

4 పెట్టలకు చల్లని రోజుల్లో లీటరు నీళ్లు, ఎండల్లో రెండింతలో అంతకంటే ఎక్కువో కావాలి. నీళ్ల గిన్నెను ఇటుక మీద పెట్టండి, నేల మీద పెడితే పది నిమిషాల్లో మట్టితో నిండుతుంది. మడిలో దొరికే తిండితో కడుపు నిండదు, ఒక్కో పెట్టకు 100 నుంచి 120 గ్రాముల దాణా రోజూ ఇవ్వాల్సిందే.

ప్రశ్న: కోళ్లను తీసిన మూడో రోజే పాలకూర విత్తాను. మొలకల ఆకుల అంచులు మాడిపోయాయి. కారణం?

జవాబు: పచ్చి రెట్టలోని యూరిక్ ఆమ్లం కుళ్లుతూ అమ్మోనియా విడుదలవుతుంది, లవణాలూ ఎక్కువే. లేత వేళ్లు ఈ రెండింటికీ తట్టుకోలేవు. ముద్దలుగా పడిన రెట్టను తీసి కంపోస్టు కుప్పలో వేయండి. మిగిలినదాన్ని ఆకులతో సహా పై 3, 4 అంగుళాల్లో కలిపి, నీళ్లు పెట్టి 3, 4 వారాలు ఆగండి. సున్నం చల్లొద్దు, దాంతో నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. అనుమానం ఉంటే ఒక కుండీలో మడి మట్టి, మరో కుండీలో మామూలు మట్టి నింపి పదేసి ముల్లంగి గింజలు వేసి చూడండి. రెండింటిలో మొలకలు ఒకేలా లేకపోతే ఇంకో రెండు వారాలు ఆగాలి.

అసలు ఆ మడిలో ఆకుకూర వేయకూడదు. మాడడం ఒక్కటే సమస్య కాదు, పచ్చి రెట్టలో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ అనే రోగకారక బ్యాక్టీరియా ఉండొచ్చు. పచ్చి ఎరువు వేశాక, తినే భాగం మట్టికి తగిలే పంట కోతకు 120 రోజులు, తగలని పంటకు 90 రోజులు గడవాలని అమెరికా సేంద్రియ ప్రమాణాలు చెబుతాయి. కోళ్లను తీసిన రోజు నుంచే లెక్కించండి. అందుకే వంగ, ఊతమిచ్చిన టమాటా, పందిరి మీద పాకే సొర, మొక్కజొన్న ఎంచుకోండి. నెల తర్వాత వంగ నారు నాటితే మొదటి కాయకు మరో 60, 70 రోజులు, గడువు దానంతటదే తీరుతుంది. క్యారట్, ముల్లంగి వద్దు. నత్రజని ఎక్కువై ఆకు ఏపుగా పెరిగి దుంప ఊరదు.

ప్రశ్న: గరిక, తుంగ నిండిన మడిని కోళ్లతో శుభ్రం చేయొచ్చా?

జవాబు: కుదరదు. ఆకు తింటాయి, కింద తుంగ గడ్డ అలాగే ఉంటుంది, వారానికే మళ్లీ లేస్తుంది. గడ్డ నీరసించే దాకా పదేపదే మేపాలంటే ఎరువు హద్దు ఎప్పుడో దాటిపోతుంది. ముందు గడ్డలు తవ్వి ఏరేసి, చిన్న చిన్న మొలకలు ఏరడానికి కోళ్లను దించండి.

ప్రశ్న: వానపాములను తినేయవా?

జవాబు: పైపొరలో ఉన్నవాటిని తింటాయి. వారం పది రోజుల్లో తీసేస్తే లోతు నుంచి, పక్క మడుల నుంచి మళ్లీ చేరతాయి. ఎడతెగకుండా కోళ్లు తిరిగే నేలలో మాత్రం మిగలవు. ఇంకో సంగతి కూడా ఉంది. కోళ్ల పేగుల్లో ఉండే ఏలికపాముల గుడ్లు మట్టిలో నెలల తరబడి బతుకుతాయి, వానపాములు వాటిని మోస్తాయి. కాబట్టి ఒక మడిలో ఏడాదికి ఒక్కసారికి (పైన చెప్పిన రెండు విడతలూ కలిపి ఒక్కసారే) మించి దించొద్దు.

ప్రశ్న: ఏ మడిలో కోళ్లను అసలు దించకూడదు?

జవాబు: పురుగు మందు గుళికలు, నత్తల మందు, మందు పట్టించిన విత్తనాలు ఉన్నచోట. గుళికను గింజ అనుకుని కోడి తింటుంది, కొన్ని రకాలు కొద్దిగా తిన్నా చచ్చిపోతుంది. పాత రంగులు రాలిన గోడల పక్కనా వద్దు, మట్టిలో సీసం ఉంటే గుడ్లలోకి వస్తుంది. బంగాళదుంప తీసిన మడిలో పచ్చబడ్డ దుంపలను, చిక్కుడు జాతి ఎండు గింజలను ఏరేశాకే దించండి. నారు పక్కన, మొలకల పక్కన సంగతి చెప్పనక్కర్లేదు, వల అడ్డం లేకుండా దగ్గరికి రానివ్వకండి.