చెన్నైలో కొత్తగా కాపురం పెట్టిన జంట ఆదివారాలు ఎలా గడపవచ్చు?

తామిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నామనీ, పెళ్ళై ఇంకా ఏడాది కాలేదనీ, సినిమాలూ మాల్‌లూ అప్పుడే విసుగు పుట్టిస్తున్నాయనీ, పెద్దగా ఖర్చు లేకుండా వెళ్ళదగిన చోట్లు చెప్పమనీ ప్రశ్న అడిగినవారు రాశారు. చోట్ల పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక నేను పట్టిక ఇవ్వను. మీ ఇద్దరిలో ఒకరి దగ్గర చెప్పడానికి ఏదైనా ఉన్న చోటికి వెళ్ళండి, రెండోవారు ఆ పూటకు వినండి. మూడేళ్ళ కాపురంలో దీనిని మించిన ఉపాయం నాకు కనిపించలేదు.

మాదీ మీలాంటి కాపురమే. నాది గుంటూరు వైపు, అమరావతికి దగ్గరలోని ఒక పల్లె. మా ఆయనది నెల్లూరు మూలపేట. పెద్దలు కుదిర్చిన సంబంధం కావడంతో పెళ్ళికి ముందు మేము మాట్లాడుకున్నదంతా ఫోన్‌లోనే. క్రోంపేటలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆయన ఒరగడం వైపు కార్ల విడిభాగాలు చేసే కర్మాగారంలో పనిచేస్తారు. మొదటి షిఫ్టు వారమైతే తెల్లవారుజామున ఐదింటికే కంపెనీ బస్సు ఎక్కాలి. నా ఆఫీసు తొరైపాక్కంలో. సాయంత్రం పల్లావరం రేడియల్ రోడ్డు మీద ఆ రద్దీని దాటుకుని నేను ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది, అప్పటికి ఆయన కళ్ళు మూతలు పడుతుంటాయి. రెండో షిఫ్టు వారాల్లో ఆయన వచ్చేసరికి నేను నిద్రలో ఉంటాను, నేను బయలుదేరేసరికి ఆయన నిద్రలో ఉంటారు. ఫ్రిజ్ తలుపు మీద "పాలు కాచాను", "గ్యాస్ బండ రేపు వస్తుందట" అని చీటీలు అంటించుకుని కాపురం చేసిన వారాలు మాకు చాలానే ఉన్నాయి.

అందుకని ఆదివారం మీద మాకు ఆశ ఎక్కువగా ఉండేది. మొదటి నాలుగు నెలలూ ప్రతి ఆదివారం ఒక పెద్ద మాల్‌కు వెళ్ళాం. బండి పార్కింగుకు ఇంత, సినిమా టికెట్లకు ఇంత, తినడానికి ఇంత అని ఒక నెల లెక్క చూసుకుంటే 6,400 రూపాయలు తేలింది. డబ్బు పోతే పోయింది. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద మా ఇద్దరి మధ్య ఒక్క మాట కూడా ఉండేది కాదు. కోపమేమీ లేదు. చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు, అంతే. మాల్‌లో ఇద్దరం ఒకే వస్తువుల వైపు చూస్తాం, ఇద్దరికీ అవి సమానంగా కొత్తవే, ఇద్దరికీ సమానంగా సంబంధం లేనివే. నాకు తెలిసిన నాలుగైదు జంటల్లో మొదటి ఏడాదిలోనే మాట అడుగంటడానికి అసలు కారణం ఈ మాల్ ఆదివారాలేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ ఏడాది నవంబరులో ఒక ఆదివారం రాత్రంతా వాన కురిసి తెల్లవారి తెరిపి ఇచ్చింది. పొద్దున్నే మా అమ్మ ఫోన్ చేసింది. కార్తీక మాసం కదా, మర్నాడు సోమవారం తెల్లవారకముందే కృష్ణలో స్నానం చేసి అమరేశ్వరుడి దర్శనానికి వెళ్తామనీ, అరటి దొప్పల్లో దీపాలు సిద్ధం చేస్తున్నామనీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక నాకు దుఃఖం ఆగలేదు. ఈ నగరంలో నాకు భాష రాదు, స్నేహితులు లేరు, నది లేదు. ఓదార్చే మాటలు తెలియని మా ఆయన కాసేపు గడప దగ్గర నిలబడి, చివరికి "పద, యాడికైనా పోదాం" అన్నారు.

అప్పుడు గుర్తుకు వచ్చారు మా ఎనిమిదో తరగతి సోషల్ మాస్టారు. ఆయన మమ్మల్ని అమరావతి బౌద్ధ స్తూపం దగ్గరకు తీసుకువెళ్ళినప్పుడు అక్కడ మాకు కనిపించింది గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, దాని చుట్టూ కొన్ని రాతిపలకలు. శిల్పాలన్నీ ఏమయ్యాయని ఎవరో అడిగితే "మన రాళ్ళు మద్రాసులో కాపురం పెట్టాయి" అన్నారు. ఊళ్ళో దీపాలదిన్నె అని పిలుచుకునే ఆ మట్టిదిబ్బను 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడనీ, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి తరలి వచ్చి ఊరు కట్టిస్తున్న ఆ కాలంలో ఎన్నో పలకలు ఇళ్ళకూ గుడులకూ పనికివచ్చే రాళ్ళుగా మారిపోయాయనీ, 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకు చేరాయనీ, వాటిలో కొన్ని అక్కడి నుంచి ఓడలో లండన్ దాకా వెళ్ళి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయనీ మాస్టారు చెప్పారు. మద్రాసులోనే ఉంటున్నా ఆ రాళ్ళను చూడాలని నాకు అంతవరకూ తోచలేదు.

క్రోంపేటలో లోకల్ రైలు ఎక్కి ఎగ్మోర్‌లో దిగాం. అక్కడి నుంచి పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియానికి నడిచే వెళ్ళవచ్చు. ఇక్కడ ఒక మాట చెప్పాలి: స్టేషన్ బయట ఆటో అడిగితే ఆ కాస్త దూరానికి చెప్పే ధర వింటే మనసు చివుక్కుమంటుంది, కనుక నడవండి. 1851లో మొదలైన మ్యూజియం అది. ఆవరణ నిండా ఎర్రటి పాత కట్టడాలూ, వాన నీరు ఇంకా కారుతున్న పెద్ద చెట్లూ ఉన్నాయి.

అమరావతి శిల్పాల గదిలో అడుగుపెట్టగానే నేను ముందు గుర్తుపట్టింది రాయి రంగును. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు. అది పలనాటి సున్నపురాయి. మా తాతయ్య ఇంటి వసారాలో పరచిన నాపరాళ్ళు వేసవి మధ్యాహ్నం తడిగుడ్డతో తుడిస్తే సరిగ్గా అలాంటి ఛాయలోకి వచ్చేవి. వాటి మీద బోర్లా పడుకుని చెంప ఆనించి నిద్రపోయేవాళ్ళం. ఆ సంగతి మా ఆయనకు చెప్పాను. పెళ్ళైనప్పటి నుంచి మా తాతయ్య ఇంటి గురించి ఆయనకు నేను చెప్పిన మొదటి మాట అదే.

ఒక పలక మీద తామరపూలతో నిండిన పూర్ణకుంభం ఉంది. ఆయన దాని ముందు ఆగి, "ఇది మన సర్కారు కాగితాల మీద ఉండేదే గదా" అన్నారు. అవును, ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోని పూర్ణకుంభం అమరావతి శిల్పుల దగ్గర నుంచి వచ్చినదే. తరువాత ఒక గుండ్రటి ఫలకం ముందుకు వచ్చాం. ఎడమవైపున నగరద్వారం లోంచి దూసుకువచ్చిన ఏనుగు ఒక మనిషిని తొండంతో పట్టి ఈడుస్తోంది. జనం ఒకరి మీద ఒకరు పడుతూ పరుగెడుతున్నారు. మేడ మీది కిటికీల్లోంచి తలలు తొంగిచూస్తున్నాయి. కుడివైపున ఏనుగు మోకాళ్ళ మీద వంగి బుద్ధుడి పాదాల దగ్గర తల వాల్చింది. కర్మాగారంలో డ్రాయింగులు చూసి చూసి అలవాటైన మనిషి కనుక మా ఆయన దానిని చాలాసేపు పరీక్షగా చూసి, "ఏంది, ఏనుగును రెండు తూర్లు చెక్కినారు?" అని అడిగారు.

మాస్టారు చెప్పిన కథంతా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుకు వచ్చింది. బుద్ధుడి మీద అసూయతో దేవదత్తుడు నాళాగిరి అనే ఏనుగుకు కల్లు తాగించి రాజగృహం వీధిలోకి వదిలాడు. అది మనుషులను తొక్కుకుంటూ వచ్చి, బుద్ధుడు ఎదురుపడేసరికి శాంతించి మోకరిల్లింది. ఏనుగు ఒక్కటే, క్షణాలు రెండు; శిల్పి ఆ రెండు క్షణాలనూ ఒకే వలయంలో ఇమిడ్చాడు. నేను చెబుతున్నంతసేపూ ఆయన ఫోన్ జేబులోనే ఉంది. మధ్యలో ఒక్కసారి మాత్రం ఈ ఇలియట్టూ, బీసెంట్ నగర్ ఇలియట్స్ బీచ్ ఇలియట్టూ ఒకరేనా అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఆ రాత్రి ఇద్దరం కలిసి వెతికితే బీచ్‌కు పేరు పెట్టింది ఎడ్వర్డ్ ఇలియట్ మీదుగా అని తెలిసింది.

మేము అక్కడ ఉన్నంతసేపట్లో ఐదారు జంటలు వచ్చి వెళ్ళాయి. శిల్పానికి వీపు పెట్టి, ఫోన్ ఎత్తి, ఫోటో సరిగా వచ్చిందో లేదో చూసుకుని, వెనక ఉన్న రాయి వైపు ఒక్కసారైనా తిరగకుండా వెళ్ళిపోయారు. నాకు నిజంగా బాధ కలిగింది. రెండువేల ఏళ్ళ కిందటి ఉలిపని చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉంటే దాని ముందు ఐదు నిమిషాలు నిలబడే తీరిక మనకు ఎందుకు లేకపోవాలి?

తిరుగు రైలులో ఎగ్మోర్ నుంచి క్రోంపేట వరకూ మేము మాట్లాడుతూనే ఉన్నాం. సైదాపేట దాటాక ఆయన ఉన్నట్టుండి తాను ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో తప్పాననీ, ఆ సంగతి పెళ్ళిచూపుల్లో దాచమని వాళ్ళ పెద్దమ్మ చెప్పిందనీ చెప్పేశారు. తప్పినందుకు వాళ్ళ నాన్న కొట్టలేదట. రెండు రోజులు అన్నం దగ్గర కూర్చోలేదట. చెబుతున్నప్పుడు ఆయన కిటికీ ఊచను పట్టుకున్న చేయి చూశాను, వేళ్ళు తెల్లబడ్డాయి. మాల్‌లో ఎస్కలేటర్ మీద నిలబడి ఈ మాట ఎవరూ చెప్పరు.

ఆ రోజు నుంచి వంతులు పెట్టుకున్నాం. మరుసటి ఆదివారం ఆయన వంతు. మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద ఉన్న పొట్టి శ్రీరాములు స్మారక భవనానికి తీసుకువెళ్ళారు. 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చుని డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచిన ఇల్లు అది. పాఠ్యపుస్తకంలో చదివిన ఆ తేదీలు నాకు తెలుసు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందనీ తెలుసు. అంతకు ముందే 1946లో మా ఆయన పుట్టిన మూలపేటలోనే, వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని శ్రీరాములు దీక్ష చేశారన్న సంగతి మాత్రం నాకు అంతవరకూ తెలియదు. ఆ గుడి వీధిలో గోళీలాడిన మనిషి చెబుతుంటే వినడం వేరు. ఆయన గొంతులో అంత గర్వం నేను అదే మొదటిసారి విన్నాను.

బంధువుల గురించి కూడా రాయకుండా ఉండలేను. ఆదివారం పదకొండు గంటలకు వీడియో కాల్ చేసి "ఏమ్మా, ఇంకా విశేషమేమీ లేదా?" అని అడిగే పిన్నులూ అత్తయ్యలూ మీకూ ఉంటారు. వారానికి ఒక్క రోజు దొరికే దంపతులను ఆ ఒక్క రోజు కూడా కూర్చోబెట్టి సంజాయిషీ అడగడం అన్యాయం. మేము ఆదివారం కాల్స్‌ను శనివారం రాత్రికి మార్చేశాం. రెండు నెలలు నిష్ఠూరాలు వచ్చాయి, తరువాత అందరూ అలవాటు పడ్డారు. మీరూ మార్చండి, మొహమాటపడవద్దు.

మ్యూజియానికి వెళ్ళదలిస్తే శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి. ఆదివారం పొద్దున తెరిచే వేళకే వెళితే రద్దీ తక్కువ. పక్కనే 1896లో తెరిచిన కన్నెమెరా గ్రంథాలయం ఉంది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి, కాబట్టి తెలుగు పుస్తకాలూ దొరుకుతాయి. అయితే మీరు మా చోట్లకే వెళ్ళాలని నేను అనను. మీలో ఒకరిది రైల్వే కుటుంబమైతే పాత స్టేషన్లు చూపించండి, ఒకరికి చేపల గురించి తెలిస్తే కాసిమేడు రేవుకు తెల్లవారుజామున తీసుకువెళ్ళండి, ఒకరి అమ్మమ్మ చీరల నేత ఎరిగిన మనిషైతే కంచికి బస్సెక్కండి. రెండోవారికి నచ్చుతుందో లేదో అని ముందే అనుమానపడకండి. నేను చేపలు తినను, అయినా మా ఆయన ఆ రేవులో వంజరానికీ, చూపుకు దానిలాగే ఉండే మరో చేపకూ తేడా చూపిస్తుంటే రెండు గంటలు నిలబడి విన్నాను.

ఈ ఆదివారం మళ్ళీ ఆయన వంతు. ఎక్కడికో ఇంకా చెప్పలేదు. ఉదయం ఆరున్నర రైలు అందుకోవాలనీ, ఉప్మా చేస్తే డబ్బాలో కట్టమనీ ఫ్రిజ్ తలుపు మీద చీటీ మాత్రం ఉంది.